ఆవిరింజను టెండరు: బొగ్గు, నీళ్ళు, మసి

మోడల్ ఇంజన్లు చేసేవాళ్ళు చాలామంది టెండరు దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోయి నల్లరంగు కొట్టి వదిలేస్తారు. ఇంజనుకి ముక్కుంది, చక్రాలున్నాయి, కడ్డీలున్నాయి. టెండరంటే బొగ్గూ నీళ్ళూ మొయ్యడానికి వెనక తగిలించిన డబ్బాయే కదా అని. కానీ మనుషులు ఎక్కిందీ దిగిందీ, తొక్కిందీ తడిపిందీ, పారతో గీకిందీ అంతా ఆ డబ్బానే. పనితనం చూపించడానికి ఇంజను మీద కంటే అక్కడే ఎక్కువ చోటుంది.

నేను బెజవాడ సూర్యారావుపేటలో డెంటల్ ల్యాబ్ నడుపుతాను. పొద్దస్తమానం పళ్ళసెట్లు, క్యాపులు, క్లిప్పులు. మా మావయ్య బెజవాడ లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా (ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే పని) చేరి, కరెంటింజను డ్రైవరుగా రిటైరయ్యాడు. ఉండేది సత్యనారాయణపురంలో. కాబట్టి ఇక్కడ చెప్పేవాటిలో పనిముట్లు నావి, వంకలు ఆయనవి. ఆయన షరతు ఒకటే: టెండరు మీద ఏ మరక పెట్టినా అది ఎందుకు పడిందో చెప్పాలి. చెప్పలేకపోతే తుడిచెయ్యమంటాడు.

ఏడాది, ఊరు, ప్రయాణం

రంగు డబ్బా మూత తీసేముందు ఈ మూడూ తేల్చుకోండి. నేను తీసుకున్నది బ్రాడ్‌గేజ్ డబ్ల్యూపీ. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చిన తూటా ముక్కు ఇంజను, తర్వాత మనదేశంలోనూ తయారైంది. దాని టెండరులో సుమారు 15 టన్నుల బొగ్గు, 25 వేల లీటర్ల నీళ్ళు పడతాయి. స్కేలు హెచ్‌ఓ, అంటే అసలుదానిలో 87వ వంతు. మోడల్ మీద ఒక మిల్లీమీటరంటే అసలు బండి మీద 87 మిల్లీమీటర్లు. ఏ తీగ తీసుకున్నా, ఏ బొగ్గు పలుకు తీసుకున్నా ముందు 87తో హెచ్చవేసి చూడండి. పిడికిలంత ఉండాల్సిన బొగ్గు పుచ్చకాయంత అవుతోందని అప్పుడే తెలుస్తుంది.

ఏడాది ఎందుకంటే, టెండరు మీద రైల్వే పేరు రాయాలి. 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వే ఏర్పడింది, బెజవాడ అందులోకి వెళ్ళింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టినప్పుడు విజయవాడ డివిజన్ ఇటు వచ్చింది. 1960 నాటి బండి చేస్తూ ఎస్‌సీఆర్ అని రాస్తే చూసినవాళ్ళు పైకి అనకపోయినా లోపల నవ్వుకుంటారు.

ప్రయాణం ఎందుకంటే, బొగ్గు ఎంత ఉండాలో అదే చెబుతుంది. గూడూరు నుంచి బెజవాడ 293 కిలోమీటర్లు. వచ్చి ఆగిన బండిలో బొగ్గు బాగా తగ్గి ఉంటుంది. షెడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన దాంట్లో గుట్టగా ఉంటుంది. అంచుల దాకా సమంగా నింపిన టెండరు కేటలాగు బొమ్మల్లో బాగుంటుంది గానీ, పనిచేసే బండిలో అలా ఉండేది కాసేపే. నేనైతే వచ్చి ఆగిన బండే చేస్తాను. ఖాళీ అయిన చోట లోపలి గోడలు కనిపిస్తాయి, వాటి మీద చెయ్యాల్సిన పని బోలెడు.

ఫొటోల సంగతి. ఢిల్లీ రైలు మ్యూజియంలోనో రేవాడీ షెడ్డులోనో ఉన్న ఇంజన్లు ఆకారానికి, కొలతలకి బాగా పనికొస్తాయి. రంగుకీ మురికికీ మాత్రం వాటిని నమ్మొద్దు; అవి ముస్తాబు చేసి నిలబెట్టినవి. ఇంకో మాట, షెడ్డుల్లో ఒక ఇంజను టెండరు తీసి ఇంకో ఇంజనుకి తగిలించడం అప్పట్లో మామూలే. మీరు చేసే నంబరుకి ఏ టెండరు ఉందో ఆ నంబరు ఫొటోలోనే చూడండి.

తీగలు, చిల్లులు

మామూలు టెండరు మోడల్‌లో చేతికమ్మీలు బాడీతో కలిపి ఉబ్బెత్తుగా పోతపోసి ఉంటాయి. వాటిని గీకేసి నిజం తీగ పెట్టడమే మొదటి పని. మోటారు రివైండింగ్ షాపులో దొరికే 28 గేజి రాగితీగ మందం 0.37 మిల్లీమీటరు. 87తో హెచ్చవేస్తే 32 మిల్లీమీటర్ల పైన, చేతికమ్మీకి సరిపోయే లావు. ఇంకా సన్నం కావాలంటే 30 గేజి. ఆటోనగర్‌లో రివైండింగ్ చేసేవాళ్ళని అడిగితే మూర తీగకి డబ్బులు కూడా తీసుకోరు. తీగని ఒక చివర పట్టకారుతో బిగించి రెండో చివర పట్టుకుని ఒక్కసారి లాగండి. కొంచెం సాగి తిన్నగా అవుతుంది. ఎనామెల్ పూత గీకకపోతే రంగు పట్టదు.

చిల్లులకి నా రహస్యం అరిగిపోయిన డెంటల్ బర్‌లు, అంటే పన్ను తొలిచే మొనలు. పావు నంబరు రౌండ్ బర్ తల సరిగ్గా అర మిల్లీమీటరు. పంటికి పనికిరాకుండా మొద్దుబారింది కూడా ప్లాస్టిక్‌కి పదునే. మీకు తెలిసిన పళ్ళడాక్టరుంటే అడగండి, పారేసేవే. శుభ్రంగా మరిగించి వాడుకోండి. మోటారుకి పెట్టొద్దు, ఆ వేగానికి ప్లాస్టిక్ కరిగి బర్‌కి చుట్టుకుంటుంది. చేతి పిన్‌వైస్‌లో పెట్టి వేళ్ళతో తిప్పండి. వన్‌టౌన్‌లో కంసాలి పనిముట్ల కొట్లలో పిన్‌వైస్, సన్నటి ఆకురాళ్ళు, శ్రావణం (సన్న పట్టకారు) అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

కమ్మీని గోడకి దూరంగా నిలబెట్టే గుబ్బలకి, జుట్టు మందం తీగని కమ్మీ చుట్టూ ఒక మెలిక తిప్పి రెండు కొసలూ కలిపి చిల్లులో దూర్చండి. వెనకనుంచి ఫెవిక్విక్ చుక్క. ముందునుంచి పెడితే ఆవిరికి చుట్టూ తెల్లగా పొగచూరుతుంది. గోడకీ కమ్మీకీ మధ్య దూరం అన్ని గుబ్బల దగ్గరా ఒకటే రావాలంటే మధ్యలో విజిటింగ్ కార్డు ముక్క మడిచి పెట్టి, అంటుకున్నాక లాగెయ్యండి.

వెనక నిచ్చెన రాగితీగతోనే. ఒక చెక్కముక్క మీద రెండు నిలువు తీగలు మూడున్నర మిల్లీమీటర్ల ఎడంగా టేపుతో అంటించి, అంతే ఎడంతో మెట్లు అడ్డంగా పేర్చి టంకం పెట్టండి. మెట్లు పొడుగ్గా ఉంచి తర్వాత కత్తిరించడం తేలిక. మా ల్యాబ్‌లో ఉండే స్టీలు తీగ చూసి ఆశపడొద్దు. దానికి మామూలు టంకం అంటదు.

వ్యాక్యూమ్ బ్రేకు గొట్టానికి గిటారు నాలుగో తీగ ముక్క. దాని మీద సన్నటి తీగ చుట్టి ఉంటుంది కాబట్టి రబ్బరు గొట్టం మీది గీతలు తయారుగా వచ్చేస్తాయి. ఇంట్లో ఎవరైనా వీణ వాయిస్తే తెగిన మంద్రం తీగ దాచుకోండి. కత్తిరించగానే చుట్టు ఊడకుండా చివర ఒక చుక్క ఫెవిక్విక్ వెయ్యాలి. బ్రేకు గొట్టం వెనక బీము మీద ఒక్కటే. ఫ్యాషన్‌కని రెండో గొట్టం పెడితే మావయ్య దాన్ని ఎయిర్ బ్రేకు బండి అంటాడు.

బఫర్ల (బీము మీద గుద్దుడు తట్టుకునే గుండ్రటి బిళ్ళల) మధ్య దూరం మన బ్రాడ్‌గేజ్‌లో 1,956 మిల్లీమీటర్లు. మోడల్ మీద ఇరవై రెండున్నర. బయటి దేశాల మోడల్ బీము తెచ్చి పెడితే బఫర్లు దగ్గరగా వచ్చి బండి మొహం ముడుచుకున్నట్టు ఉంటుంది. ఇదే చిక్కు బోగీల దగ్గరా ఉంది (బోగీలంటే పెట్టెలు కాదు, టెండరు కింద చక్రాలు బిగించిన బళ్ళు). అసలు గేజి 1,676 మిల్లీమీటర్లు కాబట్టి మోడల్ పట్టాల మధ్య 19.3 ఉండాలి, కానీ కొనే హెచ్‌ఓ పట్టాలు 16.5. చక్రాలు ఇరుకుగా ఉండక తప్పదు. బోగీ పక్క ఫ్రేములని మాత్రం ప్లాస్టిక్ పట్టీలు పెట్టి ఒక్కోవైపు 1.4 మిల్లీమీటర్లు బయటికి జరపండి. బండిని తిరగేస్తే తప్ప ఇరుకు కనబడదు.

రివెట్లు ఫొటోలో కనిపిస్తేనే పెట్టండి. వెల్డింగ్ చేసిన టెండరుకి రివెట్ల వరసలు వెయ్యడం కష్టపడి తప్పు చెయ్యడమే. కావాల్సి వస్తే కూల్‌డ్రింక్ డబ్బా రేకుని రబ్బరు షీటు మీద బోర్లా పెట్టి, స్టీలు స్కేలు అంచు వెంట మొద్దు సూదితో మిల్లీమీటరుకొకటి చొప్పున నొక్కి, తిప్పి గోడకి ఆరల్డైట్‌తో అంటించండి.

బొగ్గు

బొగ్గుకి బొగ్గే వాడండి. నల్లరంగు వేసిన ఇసక ఇసకలాగే ఉంటుంది. ఇస్త్రీ బండి దగ్గర దొరికే కట్టెబొగ్గు కూడా వద్దు. ఎంత నూరినా అందులో కట్టె నార కనిపిస్తుంది, మెరుపు రాదు. రాక్షసి బొగ్గు కావాలి. మన వైపు ఇంజన్లు తిన్నది సింగరేణి బొగ్గు. ఆ గడ్డ విరిచి చూస్తే ఒక పొర మెరుస్తూ, ఒక పొర మసకగా ఉంటుంది. చిన్న పలుకులోనూ ఆ తేడా నిలుస్తుంది, అందుకే ఏ రంగూ దానికి సాటి రాదు. కొలిమి ఉన్న చోట అడిగితే ఒక గడ్డ ఇస్తారు. పట్టాల వెంట ఏరడానికి మాత్రం వెళ్ళొద్దు.

పాత లుంగీగుడ్డలో మూటకట్టి సుత్తితో కొట్టండి. టీ వడకట్టులో జల్లిస్తే పైన మిగిలినవి పెద్ద గడ్డలు, కింద పడ్డవి చిన్నవి. కింద పడ్డదాన్ని పల్చటి గుడ్డలో ఇంకోసారి జల్లిస్తే నుసి వేరవుతుంది. పెద్దవాటిలోనూ రెండు మిల్లీమీటర్లు దాటినవి ఏరి పారెయ్యండి. మొదటిసారి అన్నీ ఒకే సైజు పలుకులు పోసి చూపిస్తే మావయ్య కళ్ళజోడు ఎత్తి, “ఏమే అమ్మడూ, ఇది బొగ్గా, మిరియాలా?” అన్నాడు. గనినుంచి వచ్చే బొగ్గులో గడ్డా ఉంటుంది, నుసీ ఉంటుంది, అన్నీ కలిసే ఉంటాయి.

టెండరు లోపలంతా బొగ్గు పొయ్యక్కర్లేదు. అడుగున బరువు పెట్టాలి. వలలకి కట్టే సీసం గుళ్ళు ఆరల్డైట్‌తో అంటిస్తే టెండరు పట్టాలు తప్పదు (సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి). దాని మీద థర్మోకోల్ దిమ్మ చెక్కి నల్లరంగు వెయ్యండి. ముందే వెయ్యకపోతే ఎక్కడో ఒక పలుకు ఊడి తెల్లచుక్క బయటపడుతుంది.

ఈ దిమ్మ ఆకారమే అసలు సంగతి. మావయ్య చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: ఫైర్‌మన్ బొగ్గు తీసేది ముందు కింది నోటి దగ్గర, పారతో. అక్కడ ఖాళీ అయ్యేకొద్దీ పైది జారుతుంది. మధ్యలోది ముందు జారుతుంది, రెండు పక్కలదీ గోడలకి ఆనుకుని నిలబడిపోతుంది. వెనకది అసలు కదలదు. రెండో ఫైర్‌మన్ పైకెక్కి ముందుకి తొయ్యాలి, పెద్ద గడ్డలుంటే పగలగొట్టాలి. అందుకని సగం ప్రయాణం అయిన టెండరులో మధ్యన లోయ, పక్కల గట్లు, వెనక గుట్ట. లోయలో అడుగున నుసి, గట్ల మీద గడ్డలు. కిందికి జారేటప్పుడు నుసి గడ్డల సందుల్లోంచి కిందికి దిగుతుంది, గడ్డలు పైన మిగులుతాయి.

పేర్చడం కూడా అదే వరసలో. ముందు నుసి, తర్వాత చిన్నవి, చివరికి గడ్డలు ఒక్కొక్కటీ శ్రావణంతో. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్ళు, పాత్రలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపి, సూది లేని సిరంజితో గోడ అంచునుంచి వదలండి. పైనుంచి చుక్కలుగా వేస్తే గుంటలు పడతాయి. సబ్బు చుక్క లేకపోతే జిగురు బొగ్గులోకి ఇంకదు, గోళీలా పైనే నిలబడుతుంది. రాత్రంతా ఆరనివ్వండి.

ఆరాక ముందు భాగంలో, పార ఆడే చోట, గ్లాస్ వార్నిష్ పల్చగా ఒక పూత. దుమ్ము లేవకుండా ఫైర్‌మన్లు బొగ్గుని గొట్టంతో తడిపేవాళ్ళు; తడిసిన బొగ్గు నల్లగా మెరుస్తుంది. వెనక గుట్ట పొడిగా, బూడిదరంగు పొడి పట్టి ఉండాలి. ఈ ఒక్క తేడాతో బండి ఇప్పుడే పనిలోంచి వచ్చిందని తెలుస్తుంది.

రంగు, మురికి

టెండరు నలుపు రంగే గానీ, డబ్బాలోంచి తీసిన నలుపు వెయ్యొద్దు. అంత చిన్న వస్తువు మీద అది గుంటలా కనిపిస్తుంది, పెట్టిన కమ్మీలూ నిచ్చెనా అందులో మునిగిపోతాయి. నలుపులో బూడిద రంగు కలిపి కాస్త తేలగొట్టండి. ఆటోనగర్‌లో కార్లకి కొట్టే స్ప్రే చవకే, కానీ దాని థిన్నరు ప్లాస్టిక్‌ని తినేస్తుంది. అక్రిలిక్‌తో సరిపెట్టుకోవడం మేలు. 3డీ ప్రింట్ బాడీ అయితే ఇంకో జాగ్రత్త. ఆ ప్రింట్లకి వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మన మే నెలలో అద్దాలెత్తిన కారులో వదిలేస్తే సాయంత్రానికి టెండరు వంకరపోతుంది.

బొగ్గు గది లోపలి గోడల మీద రంగు ఉండదు, గడ్డలు గీకేస్తాయి. అక్కడ ముదురు గోధుమరంగు వేసి, ఆరాక 6బి పెన్సిల్ పక్కగా పెట్టి రుద్దండి. బొగ్గు రాసుకుని నునుపు తేలిన ఇనుములా వస్తుంది. తుప్పు అనగానే నారింజ రంగు తీసేవాళ్ళున్నారు. అది వారం కిందటి తుప్పు. పాత తుప్పు కాఫీ డికాక్షన్ అంత ముదురుగా ఉంటుంది. ముగ్గుల కొట్లో దొరికే ఎర్రకావిలో బొగ్గు నుసి కలిపితే సరిగ్గా ఆ రంగు. అదే పొడి కాస్త పల్చగా బోగీల మీద, చక్రాల దగ్గర మెత్తటి కుంచెతో అద్దితే బ్రేకు దుమ్ము. యాక్సిల్ బాక్సుల కింద నూనె మరకకి నల్లరంగులో గ్లాస్ వార్నిష్ ఒక చుక్క. బఫరు మొహం మీద మధ్యలో గ్రీజు మచ్చ మాత్రమే, అంచులకి ఇనుము రంగు. నిచ్చెన మెట్ల మీదా, చేతికమ్మీల మీద మనిషి చెయ్యి అందేంత మేరా పెన్సిల్ రుద్దండి. అందని చోట రుద్దితే దానికి కారణం చెప్పలేరు.

ఇక నీళ్ళ మరకలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. టెండరు వెనక పైన నీళ్ళు పట్టే మూత ఉంటుంది. వాటర్ కాలమ్ గొట్టం తిప్పి వదిలితే నిండి పొర్లుతుంది, ఆ నీళ్ళు వెనక గోడ మీదుగా కారతాయి. ఎండలో ఆరితే తెల్లచారలు. వీటిని తెల్లరంగుతో వేస్తే రంగులాగే కనిపిస్తాయి. తాంబూలంలోకి వేసుకునే సున్నం పెసరగింజంత తీసుకుని చెంచాడు నీళ్ళలో కలిపి, కాసేపు తేరనివ్వండి. పైన పాలరంగు నీళ్ళున్నాయే, అందులో సన్న కుంచె ముంచి, మూత అంచునుంచి కిందికి ఒక్క గీత. తడిగా ఉన్నప్పుడు ఏమీ కనబడదు. కంగారుపడి రెండోది వెయ్యొద్దు. పది నిమిషాల్లో చార తేలుతుంది, మర్నాటికి ఇంకా తెల్లబడుతుంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు తగిలి సున్నం కాల్షియం కార్బొనేట్ అవుతుంది. కెటిల్ అడుగున కట్టే ఉప్పుపెచ్చులో ఉన్నదీ అదే, కాబట్టి ఇది నకిలీ మరక కాదు. ఎక్కువైతే దూదిపుల్లని నిమ్మరసంలో ముంచి తుడవండి, కరిగిపోతుంది. తర్వాత మంచినీళ్ళతో కడగాలి. కింద అల్యూమినియం రేకు ఉంటే ముందే వార్నిష్ పూత తప్పనిసరి. తడి సున్నం అల్యూమినియంని తినేస్తుంది.

చారలు మూత కిందే ఉండాలి, టెండరంతా కాదు. చార దారిలో కమ్మీ అడ్డొస్తే అక్కడ ఆగి, పక్కకి తిరిగి, మళ్ళీ కిందికి దిగాలి.

అక్షరాలకి రేడియం స్టిక్కర్ వద్దు, ఈ సైజులో దాని మందమే గోడలా కనిపిస్తుంది. తెల్ల డెకాల్ పేపరు (నీళ్ళలో నానబెట్టి పొర జార్చి అంటించేది) మీద నల్లటి నేల ప్రింట్ చేయించి, అక్షరాలు ఖాళీగా వదిలేస్తే కాగితం తెలుపే అక్షరమవుతుంది. కలర్ జిరాక్స్ షాపులో లేజర్ మీద చేయించండి. ఇంక్‌జెట్ అయితే నీళ్ళలో వేసేముందు క్లియర్ వార్నిష్ కొట్టాలి. బెజవాడ షెడ్డు గుర్తు బీజెడ్‌ఏ మర్చిపోవద్దు.

చిల్లర సామాను తక్కువ పెట్టండి. వంకర కొస ఉన్న నిప్పు కడ్డీలు రెండు, పార ఒకటి, డ్రైవరు లైన్ బాక్సు (డ్యూటీకి తెచ్చుకునే సామాను పెట్టె) ఒకటి చాలు. బాక్సు ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్క, మూత గీత, రెండు చుక్కల గొళ్ళెం. గోనెపట్టాకి టిష్యూ పేపరు టీ డికాక్షన్‌లో ముంచి, మడిచి, ఆరాక అంటించండి.

చివరి మ్యాట్ వార్నిష్ వానాకాలంలో కొట్టకండి. గాలిలో తేమకి తెల్లగా మసకబారుతుంది. తప్పదంటే ఏసీ గదిలో. తడి బొగ్గు మీదా, నూనె మరకల మీదా పడకుండా టేపు వెయ్యండి. ఇంజనుకి తగిలించి మీ దగ్గరున్న అతి పదునైన వంపు మీద నడిపి చూశాకే ఇంజనుకీ టెండరుకీ మధ్య సందు మూసే రేకు అంటించండి. అది టెండరు వైపు మాత్రమే అతకాలి, ఇంజను వైపు ఊరికే ఆని ఉండాలి.

గుంటూరు–మాచర్ల వైపు ఒకప్పటి మీటర్‌గేజ్ వైపీ రకం ఇంజను చేద్దామనుకునేవాళ్ళకి పని కొంత తేలిక. 87వ వంతులో మీటరు గేజి పదకొండున్నర మిల్లీమీటర్లు, దొరికే పట్టాలు పన్నెండు, కాబట్టి బోగీ ఫ్రేములు జరిపే గొడవ లేదు. వెనక బీముకి పక్క బఫర్లు ఉండవు. మధ్యలో ఒక్కటే బఫరు, దాని మీదే కొక్కెం. ఆ కొక్కేన్ని 24 గేజి రాగితీగ కొట్టి చదును చేసి, ఆకురాయితో గీసి చెయ్యండి. బొగ్గు, సున్నం, కావి అన్నీ ఇవే.